పన్నెండేళ్ళ ఆరు నెలలు

దుప్పటిని రెండు చేతులా ఎత్తి కిటికీకి అడ్డంగా పట్టుకుంది దారాలక్క. అంచుల దగ్గర గుడ్డ ఇంకా దట్టంగానే ఉంది. మనిషి నడుము ఆనే చోట మాత్రం జల్లెడలా తేలిపోయింది. అందులోంచి అవతలి గోడ, గోడ మీది నీళ్ళ గొట్టం, గొట్టం మీద కూర్చున్న పావురం కూడా కనబడుతున్నాయి.

“ముప్పై ఉతుకులు,” అంది పైకే.

అది ఆ దుప్పటికి ఆమె కట్టిన ఆయుష్షు. నిలువునా మధ్యకి చింపి, గట్టిగా ఉన్న అంచులు రెండూ లోపలికి తెచ్చి కలిపి కుట్టి, అరిగిన నడుమును చెరో పక్కకీ నెట్టేస్తే ఇంకో ముప్పైసార్లు ఉతకొచ్చు. ఆ పనికి ఆమె కత్తెర వాడదు. అంచు దగ్గర పంటితో చిన్న గాటు పెట్టి లాగితే గుడ్డ తనంతట తనే తిన్నగా చిరుగుతుంది.

ఆసుపత్రి బట్టల గదిలో ముప్పై నాలుగేళ్ళుగా ఆమె ఉద్యోగం ఇదే. ఎడమచేతి చూపుడువేలు కొస సూదిపోట్లకు మొద్దుబారిపోయింది. వేడి పాలగిన్నెను ఆ వేలితో తాకి చూస్తే ఆమెకేమీ తెలియదు, పక్కవేలితో తాకాలి. మిషను మీదికి వంగి వంగి కుడి భుజం ఎడమదాని కన్నా రెండు వేళ్ళు పైకి లేచింది. మాట్లాడుతున్నప్పుడు కూడా పెదాల మధ్య ఒక దారం ముక్క ఉంటుంది. జీతాల పుస్తకంలో ఆమెకు వేరే పేరుంది గానీ, ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి ఎవరా అని చూస్తుంది.

ఆ గదిలో ఆమె పెట్టుకున్న గుర్తు ఒకటి ఉంది. మూడు నెలలకోసారి వార్డుల్లో సరుకు లెక్క చూసేవాళ్ళు ప్రతి దుప్పటి అంచు మీదా ఒక సిరా చుక్క పెడతారు. ఇంక రెండు ఉతుకులకు మించి ఆగదని తనకు తోచిన దుప్పటికి, ఆఖరి సిరా చుక్క పక్కనే, దారాలక్క ఎర్రదారంతో ఒక్క కుట్టు వేస్తుంది. ఈసారి చిరిగి వస్తే దీన్ని కుట్టొద్దు, పీలికలు చేసెయ్యాలి అని దానర్థం. ఎర్రకుట్టుతో తిరిగొచ్చిన ప్రతి దుప్పటీ నిజంగానే చిరిగి వచ్చింది. ముప్పై నాలుగేళ్ళలో తన అంచనా ఒక్కసారి కూడా తప్పలేదని ఆమెకు లోలోపల గర్వం. బయటికి ఎప్పుడూ అనలేదు. అనడానికి అదేమంత గొప్ప విషయమని ఎవరనుకుంటారు?

“అక్కా, కాయితం నింపావా?”

గదికి అవతలి కొసన, ఆవిరి మధ్యలోంచి ఇస్త్రీ వదిన గొంతు వినిపించింది. ఆవిడ ఎవరికి వదినో ఎవరికీ తెలియదు. ఆసుపత్రి మొత్తానికి వదిన.

“ఇంకా లేదు.”

“సాయంత్రం ఐదింటితో ఆఖరు. ఆ తర్వాత నువ్వు నేలకేసి తల కొట్టుకున్నా తీసుకోరు.”

“తెలుసులేవే.”

“తెలిసి కూర్చున్నదానికి నేనేం చెప్పను!” అంటూ వదిన దిండు గలీబును బల్ల మీద ఫట్టుమని కొట్టింది.

ఆ కాయితం దారాలక్క భోజనం సంచీలో నాలుగు మడతల మీద ఉంది. ఆకుపచ్చ కాయితం. ఇంకో వారంలో ఆమెకు ఉద్యోగ విరమణ. ఇన్నాళ్ళూ జీతంలో కోసిన డబ్బును ఎలా తీసుకుంటారో చెప్పమని అందులో రెండు గళ్ళు ఉన్నాయి. మొదటి గడిలో టిక్కు పెడితే తొమ్మిది లక్షలు ఒకేసారి ఇస్తారు. రెండో గడిలో పెడితే నెలకు ఆరు వేలు, బతికున్నంత కాలం. పోయిన మర్నాటి నుంచి ఎవరికీ చిల్లిగవ్వ రాదు.

పదిహేను రోజులుగా ఆ రెండు గళ్ళూ ఆమె ప్రాణం తోడేస్తున్నాయి. సలహా చెప్పని మనిషి లేడు. గేటు దగ్గరి కాపలాదారు మొత్తం తీసుకుని వడ్డీకి తిప్పమన్నాడు. కాంటీను ఆయన బంగారం కొనమన్నాడు. మొన్నటిదాకా తన దగ్గరే అప్పు చేసిన కాంపౌండరు కూడా కుర్చీ లాక్కుని కూర్చుని, “డబ్బు పడుక్కోకూడదు అక్కా, పని చెయ్యాలి,” అన్నాడు. ముప్పై నాలుగేళ్ళు తను పని చేసింది చాలదా, ఇప్పుడు డబ్బు కూడా చెయ్యాలా అనుకుంది దారాలక్క.

బ్యాంకుకు వెళ్తే అక్కడి అమ్మాయి చాలా మర్యాదగా కూర్చోబెట్టి రంగు రంగుల బొమ్మలున్న పుస్తకం తెరిచింది. ఆ తర్వాత ఒక ప్రశ్న అడిగింది.

“నష్టాన్ని తట్టుకునే శక్తి మీకు ఎంత ఉందంటారు ఆంటీ? తక్కువా, మధ్యస్థమా, ఎక్కువా?”

దారాలక్క కాస్త ఆలోచించింది. భర్త లారీ కింద పడి పోయేనాటికి ఆమెకు ముప్పై ఒకటి, కూతురు మూడో తరగతి.

“అలవాటేనమ్మా,” అంది.

ఆ అమ్మాయి ‘ఎక్కువ’ అన్నచోట టిక్కు పెట్టి, ఆరు నెలల్లో సగానికి పడిపోయినా పడిపోగల పథకం ఒకటి చూపించింది. దారాలక్క మంచినీళ్ళు తాగి వచ్చేసింది.

అయితే ఆమె తేల్చుకోలేకపోవడానికి అసలు కారణం వీళ్ళెవరూ కాదు. వాళ్ళ ఇంట్లో ఆడవాళ్ళు బతకరు. అమ్మమ్మ యాభై దాటలేదు. అమ్మ యాభై నాలుగుకి పోయింది. అక్క యాభై ఏడుకి. పోయినేడు తనకు సరిగ్గా ఆ యాభై ఏడు నిండగానే కామెర్లు వచ్చి నలభై రోజులు మంచం మీద ఉంటే, చూడ్డానికి వచ్చినవాళ్ళంతా తలుపు దగ్గర ఆగి గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. ఆమెకు అదేమీ తప్పనిపించలేదు. తనకూ అదే లెక్క. బ్యాంకులో ఐదేళ్ళకు వేస్తే వడ్డీ ఎక్కువని చెప్పినా ఆమె ఏనాడూ ఏడాదికి మించి డబ్బు వేయలేదు. “ఐదేళ్ళ తర్వాత ఎవరొచ్చి తీసుకుంటారు?” అనేది. అలా ఇరవై ఏడుసార్లు, ఏడాదికొక్కసారి, తక్కువ వడ్డీకే తిరగరాయించుకుంది. ఇప్పుడు యాభై ఎనిమిది. ఆమె మనసులో ఈ ఒక్క ఏడూ ఎవరో పొరపాటున ఇచ్చింది, ఎప్పుడైనా గుర్తొచ్చి వెనక్కి అడగవచ్చు.

మధ్యాహ్నం భోజనాల వేళకు కూతురూ అల్లుడూ వచ్చారు. వరండాలో చెక్క బల్ల మీద ముగ్గురూ వరసగా కూర్చున్నారు. అల్లుడు పంపుసెట్లు బాగుచేసే మనిషి. గోళ్ళలో గ్రీజు ఉంటుంది గానీ మాట శుభ్రంగా ఉంటుంది. అత్తగారి డబ్బు మీద ఆశ ఉన్నవాడు కాదు. కానీ డబ్బు వృథా అయితే, అది ఎవరి డబ్బయినా సరే, అతనికి తిండి సహించదు.

“అత్తయ్యా, నేను రాత్రంతా లెక్క వేశాను,” అంటూ ఫోను తీశాడు. “తొమ్మిది లక్షల్ని ఆరు వేలతో భాగిస్తే నూట యాభై నెలలు. అంటే పన్నెండేళ్ళ ఆరు నెలలు. అంటే మీరు కనీసం డెబ్భై ఏళ్ళ ఆరు నెలల వరకూ…”

అక్కడ ఆగిపోయాడు. కూతురు అన్నం కలుపుతున్న చెయ్యి కూడా ఆగిపోయింది.

“వరకూ?” అంది దారాలక్క.

“వరకూ… క్షేమంగా ఉండాలి. ఉంటారు. ఉండరని కాదు. కానీ లెక్క లెక్కే కదా. మధ్యలో ఏదైనా… అంటే, ఆ మిగతాదంతా వాళ్ళే మింగేస్తారు. మీ చేతులతో మీరు కుట్టి సంపాదించింది. నాకది ఒళ్ళు మండిపోతుంది. అదే ఒకేసారి తీసుకుంటే మేడ మీద గది వేసుకోవచ్చు. మీరు మాతోనే ఉండొచ్చు.”

“ఏంటండీ ఆ మాటలు! ఎదురుగా కూర్చోబెట్టుకుని అమ్మ ఎప్పుడు పోతుందో లెక్కలు కడతారా?” కూతురి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“నేను అలా అన్నానా? పన్నెండేళ్ళు అన్నాను. తక్కువా?”

“ఊరుకోవే. అతనన్న దాంట్లో తప్పేముంది,” అంది దారాలక్క. కూతురి కంచంలోకి ఇంకాస్త కూర వేసింది. “మీ పెద్దమ్మ ఎన్నేళ్ళుందో నాకు తెలీదా?”

ఆ మాటతో ముగ్గురూ తల వంచుకుని తిన్నారు. వెళ్ళేటప్పుడు అల్లుడు చెప్పులు వేసుకుంటూ, “మీ ఇష్టం అత్తయ్యా. మీరు ఏది పెట్టినా నేను మాట్లాడను,” అన్నాడు. అతను మాట్లాడకుండా ఉండలేడని ముగ్గురికీ తెలుసు. వాళ్ళు గేటు దాటేసరికి దారాలక్క మనసులో మొదటి గడిలో టిక్కు పడిపోయింది. తేల్చుకున్నాక తేలిగ్గా ఉండాలి కదా, ఎందుకో మెడ దగ్గర పట్టేసినట్టు ఉంది.

రెండింటికి అప్పగింతల లెక్క మొదలయింది. తన చోటులోకి వచ్చే మనిషికి ఇన్ని దుప్పట్లు ఉన్నాయని ఆమె సంతకం పెట్టి ఇవ్వాలి. అందుకని ఆ రోజు వార్డుల్లోంచి చిరిగినవీ చిరగనివీ అన్నీ కిందికి దింపారు. ఇంతకు ముందెప్పుడూ అలా జరగలేదు. సరుకు లెక్కలు చూసేవాళ్ళు వార్డుల్లోనే చూసుకుని, చుక్కలు పెట్టుకుని పోతారు. ఉతికిన దుప్పట్లు ఇస్త్రీ లేకుండా నేరుగా వార్డులకే పోతాయి, ఆమె దగ్గరికి చిరిగినవి మాత్రమే వస్తాయి. బట్టల గది నిండా, బల్లల మీదా, నేల మీదా, మనిషి ఎత్తున కట్టలు.

వదిన ఒక్కొక్క దుప్పటీ అంచు ఎత్తి చూపిస్తుంటే దారాలక్క కాయితం మీద గీతలు పెడుతోంది. మగవాళ్ళ వార్డు మూడో కట్టలో ఆమె కలం ఆగిపోయింది.

“ఆగు. అది ఇలా తే.”

అంచు మీద ఎర్రకుట్టు ఉంది. తన కుట్టే. కుట్టు కొసలు రెండూ సమానంగా, చివర ముడి లోపలికి పోయేలా అలా వేసే మనిషి ఇంకొకరు లేరు. ఎర్రకుట్టు తర్వాత వరసగా సిరా చుక్కలు. లెక్కపెట్టింది. ఐదు. అంటే పదిహేను నెలలు. నెలకు ఆరుసార్లు ఉతుకుతారు. తను రెండు ఉతుకులన్న దుప్పటి తొంభై ఉతుకులు తిని, ఇంకా నిన్న రాత్రి ఎవరి కిందో పడుకుని వచ్చింది.

ముందు ఆమెకు కోపం వచ్చింది. “ఎవరే దీన్ని పంపింది? ఎర్రకుట్టు ఉంటే తియ్యాలి కదా!”

“నీ ఎర్రకుట్టు సంగతి నీకు తప్ప ఎవరికి తెలుసక్కా? నేనే ఏదో ముద్దుకి కుట్టుకున్నావనుకున్నాను,” అంది వదిన. “అయినా చిరిగితే కదా నీ దగ్గరికి పంపేది. చిరగలేదు, పంపలేదు.”

దారాలక్క లేచి నిలబడింది. తర్వాతి కట్ట తనే విప్పింది. ఆ తర్వాతది కూడా. అంచులన్నీ వేళ్ళతో తడుముకుంటూ పోయింది. ఎర్రకుట్టు పక్కన నాలుగు చుక్కలు. ఎర్రకుట్టు పక్కన తొమ్మిది. ఆడవాళ్ళ వార్డులో ఒకదానికి చుక్కలు పెట్టడానికి చోటు చాలక అంచు తిప్పి వెనకవైపు పెట్టారు, అన్నీ కలిపి ఇరవై రెండు. ఐదున్నర ఏళ్ళు. దాన్ని కిటికీకి అడ్డం పట్టి చూసింది. జల్లెడే. పావురం కనబడుతోంది. కానీ ఎక్కడా చిరుగు లేదు.

లెక్క పూర్తయ్యేసరికి ఎర్రకుట్టు దుప్పట్లు నలభై ఒకటి తేలాయి.

ముప్పై నాలుగేళ్ళుగా తన అంచనా తప్పలేదని ఆమె అనుకున్నది ఎందుకంటే, చిరిగినవి మాత్రమే తన బల్ల మీదికి వచ్చాయి. చిరగనివి వచ్చి నేను బాగున్నానని చెప్పవు కదా. వాటి మానాన అవి పైన మంచాల మీద పని చేసుకుంటున్నాయి. దారాలక్క స్టూలు మీద కూలబడి నోట్లో దారం ముక్క తీసి అవతల పారేసింది. ఇంకాసేపటికి నవ్వడం మొదలుపెట్టింది. భుజాలు కదిలిపోయేలా, ఆ పెద్ద భుజం చిన్న భుజం రెండూ.

“ఏమైందే నీకు?” అంది వదిన భయపడిపోయి.

“ఏం లేదు. మా పిన్నికి ఫోన్ చెయ్యాలి.”

పిన్ని అంటే అమ్మ చెల్లెలు. దూరంగా వేరే ఊళ్ళో కొడుకు దగ్గర ఉంటుంది. ఇంట్లో ఆడవాళ్ళ చావుల గురించి ఎప్పుడు మాటొచ్చినా ఆవిడ పేరు రాదు. ఆవిడ చావలేదు కాబట్టి. జబ్బు కూడా పడదు కాబట్టి ఎవరూ చూడ్డానికీ వెళ్ళరు. దారాలక్క ఆమెతో మాట్లాడి రెండేళ్ళయింది.

“ఎవరే? గట్టిగా చెప్పు!”

“నేను పిన్నీ. పెద్దక్క రెండో కూతుర్ని.”

“ఓహో, దారప్పిల్లవా. ఎవరు పోయారు?”

“ఎవరూ పోలేదు. నీకిప్పుడు ఎన్నేళ్ళు?”

“ఎనభై నాలుగు. ఎందుకు, సంబంధం ఏమన్నా చూశావా?”

వదిన ఫోనుకు చెవి ఆనించి మరీ వింటోంది.

“మన ఇంట్లో ఆడవాళ్ళు బతకరంటారు కదా పిన్నీ.”

“ఎవరన్నారే ఆ మాట? నేను వంటింట్లో నిలబడి బీరకాయ చెక్కు తీస్తున్నాను. మీ అమ్మకి మందులు వేసుకొమ్మంటే వేసుకునేది కాదు, మీ అక్క గుండెనొప్పిని అజీర్తి అంది. దానికి నేనేం చెయ్యను? వాళ్ళు తొందరపడ్డారని నన్నూ పొమ్మంటావా ఏంటి?”

“లేదు పిన్నీ. ఉండు. నువ్వు ఉండు.”

“ఉన్నాగా,” అని పిన్ని ఫోను పెట్టేసింది.

ఆఫీసు గది రెండో అంతస్తులో ఉంది. దారాలక్క మెట్లెక్కి వెళ్ళేసరికి ఐదుకు పది నిమిషాలు తక్కువ. గుమాస్తా అప్పటికే సొరుగుకు తాళం వేయబోతున్నాడు. అతని బల్ల మీద పెన్సిలూ, కళ్ళజోడు డబ్బా, సగం తిన్న బిస్కట్ల పొట్లం ఉన్నాయి.

“వచ్చారా అమ్మా! ఇక రారేమో అనుకున్నా.” ఆకుపచ్చ కాయితం అందుకుని, ఆమె ఏమీ చెప్పకుండానే మొదటి గడిలో పెన్సిలుతో టిక్కు పెట్టేశాడు. “ఇక్కడ కలంతో దిద్దండి చాలు. అందరూ ఇదే. మీకు సులువుగా ఉంటుందని పెట్టేశా.”

“అది చెరపండి.”

“ఏది?”

“ఆ టిక్కు.”

గుమాస్తా కళ్ళజోడు తీసి ఆమెను చూశాడు. మంచి మనిషే. అందుకే గొంతు తగ్గించాడు. “అమ్మా, ఏమీ అనుకోకండి. రెండోది మంచిదే, కానీ ఎక్కువ కాలం… మీ పెద్దవాళ్ళు ఎన్నేళ్ళు బతికారు?”

“ఎనభై నాలుగు,” అంది దారాలక్క. “ఇంకా అవుతూనే ఉన్నాయి. ఇందాక నిలబడి బీరకాయ చెక్కు తీస్తోంది.”

“ఒకసారి పెట్టాక మళ్ళీ మార్చుకోడానికి ఉండదు.”

“మార్చుకోడానికి రాను బాబూ. నెలనెలా తీసుకోడానికి వస్తాను.”

అతను రబ్బరుతో చెరిపాడు. ఆమె కలం తీసుకుని రెండో గడిలో టిక్కు పెట్టింది. గడి చాలకపోతే టిక్కు తోక బయటికి కూడా వచ్చింది. ఆ తర్వాత తన అసలు పేరు, ఎప్పుడూ ఎవరూ పిలవని పేరు, ఒక్కొక్క అక్షరం విడిగా, నిదానంగా సంతకం పెట్టింది.

మెట్లు దిగుతుంటే కింద వదిన నిలబడి ఉంది.

“ఏది పెట్టావే?”

“బతికేది.”

వదిన రెండు చేతులూ ఎత్తి ఈల వేసింది. ఆవిడకు ఈల వేయడం వచ్చని ఆసుపత్రిలో అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

వారం తర్వాత దారాలక్క బట్టల గది వదిలి వెళ్ళిపోయింది. అల్లుడు రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు మాట్లాడాడు. నెలకు రెండు వేల చొప్పున ఆమె ఇచ్చిన డబ్బుతోనూ అతని సంపాదనతోనూ మేడ మీది గది లేవడానికి ఆరేళ్ళు పట్టింది. లేచింది.

బతికే ఉన్నానని చూపించుకోడానికి ఏడాదికోసారి ఆఫీసుకు వెళ్ళాలి. మిగతా ముసలివాళ్ళు తిట్టుకుంటూ వెళ్ళేవారు. ఆమె మాత్రం తలంటుకుని, జడ వేసుకుని, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని పెళ్ళికి వెళ్ళినట్టు వెళ్ళేది. పన్నెండేళ్ళ ఆరు నెలలు నిండిన రోజున అల్లుడు మిఠాయి పొట్లంతో మేడ ఎక్కి వచ్చాడు. అన్నేళ్ళూ ఆ తేదీని అతను ఫోనులో దాచుకున్నాడు.

“అత్తయ్యా, ఈ నెలతో అసలు వచ్చేసింది. వచ్చే నెల నుంచి అంతా లాభమే,” అన్నాడు పొట్లం విప్పుతూ.

“ఈ పన్నెండేళ్ళు నష్టమా నాయనా?” అంటూ అతని నోట్లోనే మొదటి మిఠాయి పెట్టింది.

ఆ తర్వాత ఎవరూ లెక్క పెట్టలేదు. పెన్సిలు గుమాస్తా రిటైరయ్యాడు. అతని తర్వాత వచ్చినతనూ రిటైరయ్యాడు. వదిన పోయినప్పుడు ఆమె మూడు రోజులు అన్నం ముట్టలేదు, నాలుగో రోజు ముట్టింది. ఎనభై తొమ్మిదో ఏట నడుం నొప్పెడుతోందని కొత్త పరుపు కొనడానికి కూతుర్ని వెంటబెట్టుకుని కొట్టుకు వెళ్ళింది. “మామ్మగారూ, ఐదేళ్ళ గ్యారంటీది చవగ్గా వస్తుంది, మీకది చాలు,” అన్నాడు కొట్టాయన. “పదిహేనేళ్ళదే కట్టు,” అంది ఆమె. “ఐదేళ్ళకోసారి నీ కొట్టు చుట్టూ తిరగడానికి నాకు ఓపిక లేదు.”

తొంభై ఒకటో ఏట ఒక మధ్యాహ్నం, డబ్బు తీసుకుని వచ్చిన మర్నాడు, భోజనం చేసి చెయ్యి కడుక్కుని, కాసేపు నడుం వాలుస్తానని మేడ మీదికి వెళ్ళింది. నాలుగింటికి టీ పట్టుకుని పైకి వెళ్ళిన కూతురు కిందికి రావడానికి చాలాసేపు పట్టింది.

అందరూ వెళ్ళిపోయాక గది సర్దారు. పరుపు మధ్యలో ఇంకా పల్లం పడలేదు. దాని కింద, తలవైపు, గ్యారంటీ కార్డు మడత నలగకుండా ఉంది. కొట్టాయన వేసిన ముద్ర ప్రకారం అందులో ఇంకా పదమూడేళ్ళు మిగిలి ఉన్నాయి.